కొట్టం ఇల్లవుతుందా?
ఎర్రరాతి నేలమీద పాత కట్టడాలను ఇళ్ళుగా మార్చడంపై ఒక సమీక్ష

బీదర్ పట్టణం అంచున ఉన్న నౌబాద్ పేరులోనే 'కొత్త ఊరు' అన్న అర్థం ఉంది. బహమనీల కాలంలో ఆ కొత్త ఊరికి నీళ్ళు పారించడానికి ఎర్రరాతి పొర కింద తవ్విన కరేజ్ సొరంగం ఇప్పటికీ అక్కడ ఉంది. అక్కడి నుంచి దక్షిణానికి తెలంగాణలోని జహీరాబాద్ వైపు వస్తుంటే దారి పొడుగునా పాత పల్లెల రూపు దాదాపు ఒక్కటే: ఎర్రరాతి గోడలు, మట్టి మిద్దెలు, ఇంటిని ఆనుకుని పశువుల కొట్టం.

దుక్కిటెద్దుల చోట ట్రాక్టర్లు వచ్చాక ఆ కొట్టాల్లో చాలా వాటికి పని లేకుండా పోయింది. ఇల్లు పంచుకునేటప్పుడు ఒకరికి ఇల్లు, ఒకరికి కొట్టం వాటాకు రావడం పల్లెల్లో మామూలే. వాటాకు వచ్చిన కొట్టాన్ని ఏం చేయాలి? కూలగొట్టి స్లాబు వేయాలా? ఉన్న గోడలను నిలుపుకుని, నేలకూ గాలికీ భారం కాని ఇల్లుగా మార్చుకోవచ్చా?

వినడానికి ఇది సొంతింటి విషయం. కానీ దీని చుట్టూ యాభై ఏళ్ళుగా ఇంజనీర్లు, వాస్తుశిల్పులు, పర్యావరణవాదులు, ప్రభుత్వాలు తలా ఒక మాట చెబుతూ వచ్చాయి. ఒకరు భద్రత గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు ఇంధనం లెక్క చెబుతారు. వేరొకరు పరువు గురించి, మరొకరు వారసత్వం గురించి వాదిస్తారు. జవాబులు పొసగకపోవడానికి సగం కారణం అడుగుతున్న ప్రశ్నలే వేరు కావడం. ఆ ప్రశ్నలను విడదీసి చూడటం ఈ వ్యాసం పని.

చర్చ పుట్టిన తీరు

బీదర్ పీఠభూమికి పైన టోపీలా ఉన్నది భూగర్భ శాస్త్రం లాటరైట్ అని పిలిచే ఎర్రరాయి. కింద ఉన్నది దక్కను నల్లరాయి. 1807లో అచ్చయిన తన దక్షిణ దేశ యాత్రా గ్రంథంలో ఫ్రాన్సిస్ బుకానన్ ఈ రాయికి లాటరైట్ అని పేరు పెట్టాడు. ఇటుకకు లాటిన్‌లో ఉన్న మాట నుంచి తీసిన పేరది. ఆ పేరు ఊరికే రాలేదు. నేలలోంచి తీసినప్పుడు ఈ రాయి పచ్చిగా, పలుగుతో చెక్కుకునేంత మెత్తగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. కాల్చనక్కర్లేని ఇటుక అన్నమాట. పదిహేనో శతాబ్దంలో అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చినప్పుడు కోట కందకాన్ని ఈ రాతిలోనే తొలిచారు. రాజులకు కోట అయిన రాయే రైతుకు గోడ అయింది.

నిజాం పాలనలో బీదర్, జహీరాబాద్ ఒకే జిల్లా. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజనతో బీదర్ మైసూరు రాష్ట్రానికి, జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాకు పోయాయి. ఇళ్ళు కట్టే తీరు మాత్రం గీతకు రెండు వైపులా ఒకటిగానే ఉండిపోయింది. మారినవి ప్రభుత్వ పథకాలు, చట్టాలు.

స్వాతంత్ర్యం తర్వాత 'పక్కా', 'కచ్చా' అన్న రెండు మాటలు ఇళ్ళ మీద తీర్పులయ్యాయి. జనగణన దగ్గర్నుంచి గృహ పథకాల దాకా మట్టి గోడ అంటే కచ్చా. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేల మందిని మింగాక, తెలుగు నేలమీద పక్కా ఇల్లు అంటే ప్రాణానికి పూచీ అన్న నమ్మకం బలపడింది. అది తప్పు నమ్మకమని కొట్టిపారేయలేం.

సరిగ్గా అదే దశాబ్దంలో ఎదురుగాలి కూడా మొదలైంది. ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ పేదల కోసం మట్టి కట్టడాలను సమర్థిస్తూ రాసిన పుస్తకం 1973లో ఇంగ్లీషు పాఠకలోకానికి చేరింది. 1974లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గ్రామీణ సాంకేతికత కోసం 'అస్త్ర' కేంద్రం పుట్టింది. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ తక్కువ సిమెంటుతో ఇళ్ళు కట్టి చూపించాడు. వీళ్ళు వేసిన ప్రశ్నకు అప్పట్లో 'పర్యావరణం' అన్న పేరు కన్నా 'పొదుపు' అన్న పేరే ఎక్కువ నప్పేది. వాతావరణ మార్పు మాట పల్లెలకు చేరాక అదే ప్రశ్న కొత్త పేరుతో తిరిగి వచ్చింది.

ఈ రెండు ప్రవాహాలకు నడుమ 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజాము వచ్చింది.

కిల్లారి వేసిన ముడి

నౌబాద్‌కు పడమట సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 6.2. దాదాపు పదివేల మంది చనిపోయారు. భూకంపాల పటంలో అప్పటిదాకా అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉన్న చోటది. 2002లో సవరించిన భారత ప్రమాణాలు ఆ ఒకటో మండలాన్నే పటం నుంచి తీసేశాయి. దేశంలో భూకంప భయం బొత్తిగా లేని నేల ఏదీ లేదని ఒప్పుకున్నట్టే.

మనుషులను చంపింది ఏది? ఈ చర్చకు ఇరుసు ఈ ప్రశ్నే. కిల్లారి చుట్టుపక్కల ఇళ్ళు కూడా రాయి, మట్టి, కర్ర కలిసినవే. రెండడుగులకు పైగా మందమున్న గోడల్లో రెండు ముఖాలనూ విడివిడిగా పేర్చి, నడుమ చిన్నరాళ్ళూ మట్టీ నింపేవారు. రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడుగురాళ్ళు తక్కువ. నేల ఊగగానే గోడ ఉబ్బి రెండుగా చీలిపోయింది. దాని పైన మట్టి మిద్దె ఉంది. మిద్దె కురవకుండా వానలకు ముందు ఏటా కొత్త మట్టి వేయడం ఆచారం. పాతది తీసేవాళ్ళు తక్కువ. తరాలు గడిచేసరికి కొన్ని ఇళ్ళలో మట్టి మందం 30 నుంచి 80 సెంటీమీటర్లకు పెరిగింది.

తూకం వేసి చూద్దాం. ఘనపు మీటరు మట్టిని 1,600 కిలోలుగా తీసుకుంటే, 30 సెంటీమీటర్ల మిద్దె చదరపు మీటరుకు 480 కిలోలు. 60 సెంటీమీటర్లయితే దాదాపు టన్ను. అంత బరువు నిద్రపోతున్న వాళ్ళ మీద పడింది.

అదే ఊళ్ళలో ఇంకో దృశ్యం కూడా కనిపించింది. మొగరాల మీద దూలాలు నిలిపి కట్టిన ఇళ్ళలో గోడలు బయటికి ఒరిగినా, కర్రచట్రం నిలబడి కప్పును మోసిన చోట్లు ఉన్నాయి. కాబట్టి 'పాత ఇళ్ళు చంపాయి' అన్న ఒక్క మాటతో తేలే విషయం కాదు. ఒకే ఇంట్లో ఒక భాగం చంపేది, ఒక భాగం కాపాడేది.

మహారాష్ట్ర ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన పునర్నిర్మాణంలోనూ ఈ రెండు చూపులూ పక్కపక్కనే నడిచాయి. బాగా దెబ్బతిన్న గ్రామాలను కొత్త చోటికి మార్చి కొత్త ఇళ్ళు కట్టారు. మిగిలినచోట ఉన్న ఇళ్ళనే బాగుచేసి బలపరచడానికి డబ్బిచ్చారు. రెండో దారిలో చాలా కుటుంబాలు పాత ఇంటిని బలపరచడానికి బదులు, ఆ డబ్బుతో పక్కన ఒక కొత్త గది వేసుకోవడానికే మొగ్గు చూపాయి. పాత గోడ మీద పోయిన నమ్మకాన్ని ఇంజనీరు మాట ఒక్కటే తిరిగి తేలేకపోయింది.

కొట్టానికి ఇంటికి ఉన్న తేడా

పాత ఇంటిని బాగుచేయడం ఒక పని, కొట్టాన్ని ఇల్లు చేయడం ఇంకో పని. అనంతపురం వైపు కొట్టం అంటే మనుషులుండే పూరిల్లు కూడా. మాట రెండింటికీ చెల్లినా, పశువుల కోసం కట్టిన దానికి కొన్ని సొంత లక్షణాలున్నాయి.

మొదటిది, కొట్టానికి సాధారణంగా ఒక పక్క గోడ ఉండదు. అటు మొగరాల వరుసే. నాలుగు గోడలు ఒకదాన్నొకటి పట్టుకున్న పెట్టెకు ఉండే బలం మూడు గోడల కట్టడానికి ఉండదు. రెండోది, బేస్‌మట్టం. నేల బయటి వాకిలికి సమంగానో పల్లంగానో ఉంటుంది, వాననీరు లోపలికి వస్తుంది. మూడోది, వెలుతురు. పశువులకు చాలిన కిటికీ చదువుకునే పిల్లలకు చాలదు.

నాలుగోది కంటికి కనిపించదు: ఉప్పు. ఏళ్ళ తరబడి పశువుల మూత్రం ఇంకిన నేలలో నత్రజని లవణాలు పేరుకుంటాయి. తుపాకిమందుకు కావలసిన సూరేకారాన్ని ఒకప్పుడు ఇలాంటి మట్టి నుంచే తీసేవారు. వాన తగలని పాత మట్టిలో ఏముంటుందో బీదర్‌కు వేరే చెప్పనక్కర్లేదు. బిద్రీ పాత్రలకు ఆ నిగనిగలాడే నలుపు తెప్పించడానికి కళాకారులు వాడేది కోటలోని పాత మట్టినే. కొట్టం గోడ పాదంలో చేరిన ఈ లవణాలు తేమతో పైకి ఎగబాకి, గోడ ఆరినప్పుడు పొడిపొడిగా పొంగుతాయి. ఆ గోడకు సిమెంటు గిలాబు చేస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి ఇంకా పైకెక్కుతుంది. కొన్నాళ్ళకు గిలాబు పెచ్చులూడుతుంది. అందుకే కొట్టం మార్పిడిలో మొదటి పని రంగులూ కిటికీలూ కాదు, లోపలి పాత మట్టిని తవ్వి తీయడం. ఆ మట్టి వృథా పోదు. పొలానికి అది ఎరువు.

నాలుగు పక్షాలు

*స్లాబు పక్షం.* వీళ్ళ వాదన తేలిక: కూల్చండి, సలాకలు వేసి కట్టండి. భద్రతకు కొలతలున్నాయి, ప్రతి ఊళ్ళో మేస్త్రి దొరుకుతాడు, బ్యాంకు అప్పిస్తుంది, పై అంతస్తు వేసుకోవచ్చు, ఏటేటా మరమ్మతు బెడద లేదు. ఇందులో చెప్పుకోదగ్గ సామాజిక వాదం కూడా ఉంది. తరాలుగా మట్టి ఇంట్లో, కురిసే మిద్దె కింద బతికిన వాళ్ళకు స్లాబు ఒక గౌరవం. 'మట్టి ఇల్లే మేలు' అన్న మాట ఏసీ గదిలోంచి వస్తే వాళ్ళకు మండటంలో న్యాయం ఉంది. ఈ పక్షం బలహీనత ఎండాకాలంలో బయటపడుతుంది. పగలంతా కాగిన పలచని స్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది. ఇక సలాక ఉన్నంత మాత్రాన ఇల్లు భద్రం కాదు. నాసిరకం కాంక్రీటు, సరిగా కట్టని మూలలు స్లాబు ఇంటినీ నమ్మరానిదిగా చేస్తాయి.

*సున్నం పక్షం.* వారసత్వ పరిరక్షకుల దారి ఇది. పాత గోడకు పాత సరుకే వాడాలి: గానుగ సున్నం, సుర్కీ (ఇటుకపొడి), కరక్కాయ నీళ్ళు, బెల్లం. హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ 2013 నుంచి చేసిన పనిలో, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును తొలగించి సున్నం వేయడం పెద్ద భాగం. కామారెడ్డి జిల్లా దోమకొండ గడికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. సున్నం పని తెలిసిన చేతులు తెలుగు నేలమీద ఇంకా ఉన్నాయనడానికి ఇవి సాక్ష్యం. కానీ సమాధికి దాత ఉంటాడు. కొట్టానికి యజమాని ఒక్కడే. సున్నం ఆరడానికి పట్టే కాలం, పెట్టే కూలి అతని జేబులోంచే రావాలి.

*మట్టి సాంకేతికత పక్షం.* బేకర్ శిష్యులు, 'అస్త్ర' ఇంజనీర్లు, 1989లో మొదలైన ఆరోవిల్ భూమి సంస్థ ఈ కోవలోకి వస్తాయి. మట్టిని పాత పద్ధతిలో వాడక్కర్లేదు, మెరుగుపరచి వాడాలి అంటారు. 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి యంత్రంలో నొక్కిన మట్టి దిమ్మెలు, మధ్యలో పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించే ఫిల్లర్ స్లాబులు, ఎలుకబోను తీరులో పేర్చే ఇటుక గోడలు వీరి సామగ్రి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ గ్రామీణ సాంకేతిక పార్కులో ఈ నమూనా ఇళ్ళను ఎవరైనా చూడవచ్చు. వీరి పద్ధతులు ఎక్కువగా కొత్త కట్టడాలకు పుట్టినవి. కొట్టంలో లేని నాలుగో గోడకూ మార్చాల్సిన కప్పుకూ అవి పనికొస్తాయి. ఉన్న మూడు గోడలను ఏం చేయాలన్నదానికి వీరి దగ్గర జవాబు తక్కువ.

*లెక్కల పక్షం.* వీళ్ళు సరుకును చూడరు, ఆ సరుకు తయారీకి కాలిన ఇంధనాన్ని చూస్తారు. ప్రపంచంలో మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువులో దాదాపు 8 శాతం సిమెంటు వాటా. ఇప్పటికే నిలిచి ఉన్న కట్టడం కోసం కాలిన ఇంధనం ఎప్పుడో కాలిపోయింది కాబట్టి, దాన్ని కూల్చి ఎంత గొప్ప 'హరిత భవనం' కట్టినా నష్టంతోనే మొదలవుతుందంటారు. అమెరికాలో 2012లో వెలువడిన ఒక అధ్యయనం కొత్త భవనం ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి రకాన్ని బట్టి 10 నుంచి 80 ఏళ్ళు పడుతుందని తేల్చింది. అయితే అక్కడి లెక్కలో ఇల్లు వెచ్చబెట్టడం పెద్ద పద్దు. మన దగ్గర పల్లె ఇంటి పద్దులో ఫ్యానూ బల్బే ఎక్కువ. వాడకంలో ఖర్చయ్యేది తక్కువైనచోట కట్టడానికి ఖర్చయ్యేదే బరువైన పద్దు అవుతుంది.

లెక్క వేసి చూస్తే

బెంగళూరు శాస్త్రవేత్తలు వెంకటరామారెడ్డి, జగదీష్ 2003లో ప్రచురించిన అంకెలు ఈ చర్చకు మంచి కొలబద్ద. వారి ప్రకారం కిలో సిమెంటు తయారీకి 5.85 మెగాజౌళ్ళు, కిలో సున్నానికి 5.63, కిలో ఉక్కుకు 42 మెగాజౌళ్ళ శక్తి పడుతుంది. కాల్చిన ఇటుక గోడ ఘనపు మీటరుకు 2,141, ఆరు శాతం సిమెంటు కలిపిన మట్టి దిమ్మెల గోడ 646 మెగాజౌళ్ళు. కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 730, ఫిల్లర్ స్లాబు 590.

ఇందులో సున్నం పక్షాన్ని ఆలోచనలో పడేసే అంకె ఒకటుంది. కిలోకు కిలో చూస్తే సున్నం సిమెంటు కన్నా పెద్ద పొదుపేమీ కాదు. సున్నానికి ఉన్న మేలు వేరేచోట ఉంది. అది గోడను ఊపిరి తీసుకోనిస్తుంది. ఆరేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తిరిగి పీల్చుకుంటుంది. రేపు గోడ విప్పితే రాయి పగలకుండా ఊడొస్తుంది.

ఇప్పుడు ఒక ఊహా కొట్టాన్ని తీసుకుందాం: పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. నాలుగు వైపులా గోడలను తొమ్మిదంగుళాల ఇటుకతో కొత్తగా కడితే ద్వారాలు, కిటికీలు పోను సుమారు 40,000 మెగాజౌళ్ళు. స్లాబుకు 36,500. ఉన్న ఎర్రరాతి గోడలను నిలుపుకుని, గోడల పైన చుట్టూ 45 సెంటీమీటర్ల వెడల్పు, ఏడున్నర సెంటీమీటర్ల మందంతో సలాకల బెల్టు వేస్తే ఉక్కూ సిమెంటూ కలిపి దాదాపు 4,000 మెగాజౌళ్ళు. ప్రాణాలను కాపాడే బెల్టుకు పట్టే శక్తి స్లాబుకు పట్టేదానిలో తొమ్మిదో వంతు. భద్రతకూ పర్యావరణానికీ చుక్కెదురన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క అంకె చాలావరకు సడలిస్తుంది.

కప్పు దగ్గర మాత్రం ముడి అలాగే ఉంటుంది. ఒకే అంతస్తు ఇంట్లోకి ఎండ వేడి ఎక్కువగా వచ్చేది కప్పు నుంచే. ఆ వేడిని ఆపేది మందపాటి మట్టి మిద్దె. భూకంపంలో ప్రాణం తీసేదీ ఆ మందమే. అందుబాటులో ఉన్న కప్పులను పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

- మట్టి మిద్దె, 30 సెం.మీ.: చదరపు మీటరుకు సుమారు 480 కిలోలు. చల్లన, తయారీ శక్తి నామమాత్రం. ఏటా మనిషి ఎక్కి చూసుకోవాలి. భూకంపానికి ప్రమాదం.
- కాంక్రీటు స్లాబు, 12 సెం.మీ.: సుమారు 300 కిలోలు. గోడలను కలిపి పట్టుకుంటుంది, మరమ్మతు తక్కువ. వేడి. మట్టితో పేర్చిన పాత రాతిగోడ మీద దీన్ని మోపడం ఇంజనీరు చూడకుండా చేయరాని పని.
- షాబాద్ బండలు, 4 సెం.మీ.: బండల వరకే సుమారు 100 కిలోలు, దూలాల బరువు అదనం. సరుకు పొరుగు జిల్లాలోనే దొరుకుతుంది. అతుకుల దగ్గర కురిసే గుణం ఉంది, బండలను దూలాలకు బిగించకపోతే జారే ప్రమాదం ఉంది.
- బెంగుళూరు పెంకులు: 50 కిలోల లోపు. కాల్చిన సరుకే అయినా తేలిక. కోతులు, గాలివాన వీటికి శత్రువులు. కింద వెదురు తడికతో లోకప్పు వేస్తే మధ్య గాలిపొర వేడిని కొంత ఆపుతుంది.
- ఇనుప రేకులు: అయిదారు కిలోలు. భూకంపానికి మేలు, ఎండకు కీడు. గాలికి లేస్తాయి.

ఈ వరుసలో అన్ని పరీక్షల్లోనూ నెగ్గే కప్పు లేదు. ఏ పరీక్షకు ఎన్ని మార్కులు వేయాలన్న దగ్గరే పక్షాలు విడిపోతున్నాయి.

నీళ్ళ సంగతి

పర్యావరణం అనగానే గోడ, కప్పు గురించే మాట్లాడటం ఈ చర్చలోని ఒక లోటు. నౌబాద్ దాన్ని గుర్తుచేస్తుంది. పైన ఎర్రరాయి గుల్లది, నీటిని కిందికి వదులుతుంది. దాని కిందున్న గట్టి పొర ఆపుతుంది. బీదర్‌లో నరసింహ ఝరణి, గురునానక్ ఝీరా లాంటి ఊటలకు మూలం ఈ అమరికే. కరేజ్ కట్టినవాళ్ళు పట్టుకున్న రహస్యమూ ఇదే. రెండు కిలోమీటర్లకు పైగా సాగే నౌబాద్ కరేజ్‌కు ఇరవై పైచిలుకు గాలిబావులు ఉండేవి. వాటిలో కొన్ని పూడిపోయాయి, కొన్ని కట్టడాల కింద కనుమరుగయ్యాయి. 2014లో ప్రపంచ స్మారకాల పరిశీలన జాబితాలోకి చారిత్రక బీదర్ నగరం చేరిన తర్వాతి ఏళ్ళలో జిల్లా యంత్రాంగం పూడిక తీయించడంతో సొరంగంలో మళ్ళీ నీళ్ళు కనిపించాయి.

ఇంటి కోణంలో దీనికి రెండు అర్థాలున్నాయి. మొదటిది వాననీరు. ఏడాదికి 850 మిల్లీమీటర్ల వాన పడే చోట, వంద చదరపు మీటర్ల పెంకుల కప్పు మీద అయిదో వంతు వృథా తీసేసినా 68,000 లీటర్లు దొరుకుతాయి. మట్టి మిద్దె మీద నుంచి వచ్చేది బురదనీరు కాబట్టి, ఈ లెక్క కూడా కప్పు మార్పు వైపే చూపుతుంది. రెండోది మురుగు. నీటిని ఇంత తేలిగ్గా వదిలే గుల్లరాతిలో మరుగుదొడ్డి ఇంకుడుగుంత తవ్వితే, ఆ మురుగు కింది ఊటను చేరడానికి ఎంతోకాలం పట్టదు. మట్టి గోడలతో కట్టుకున్న ఇల్లు బావిని పాడుచేస్తే దాన్ని పర్యావరణ హితం అనలేం.

చట్టం, డబ్బు

ఊరి నడుమ గ్రామకంఠంలో ఉన్న కొట్టానికీ పొలంలో ఉన్న కొట్టానికీ చట్టం వేరు. కర్ణాటకలో 1964 నాటి భూమి శిస్తు చట్టం 95వ సెక్షన్, తెలంగాణలో 2006 నాటి 'నాలా' చట్టం సాగుభూమిని వేరే వాడుకకు మార్చడానికి అనుమతి కోరతాయి. రక్షిత కట్టడాలు నిండిన బీదర్‌లో ఇంకో నియమం తోడవుతుంది. 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షిత స్మారకానికి వంద మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు. ఉన్నదాన్ని అనుమతితో బాగుచేసుకోవచ్చు. అక్కడ పాత గోడను కూల్చినవాడు ఇల్లు కట్టే హక్కునే కూల్చుకున్నట్టు.

ఇంగ్లండులో పాత వ్యవసాయ కొట్టాలను ఇళ్ళుగా మార్చడానికి 2014లో అనుమతి ప్రక్రియను సులభం చేశారు. వెంటనే ఒక చిక్కు వచ్చింది: మార్చడం ఎక్కడ ఆగి, కొత్తగా కట్టడం ఎక్కడ మొదలవుతుంది? స్తంభాలూ కప్పూ తప్ప ఏమీ లేని కొట్టానికి గోడలన్నీ కొత్తగా కడితే అది మార్పిడి కాదని 2016లో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పింది. మన చట్టాల్లో అలాంటి గీత లేకపోయినా, మొగరాలూ మూడు గోడలూ ఉన్న మన కొట్టాలకు ఆ ప్రశ్న అచ్చంగా సరిపోతుంది.

డబ్బు విషయంలో మొగ్గు స్పష్టంగా కొత్త ఇంటి వైపే ఉంది. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం ఇల్లు లేనివాళ్ళకూ కచ్చా ఇళ్ళలో ఉన్నవాళ్ళకూ పక్కా ఇల్లు కట్టుకోవడానికి సాయం చేస్తుంది. ఆ పథకం కోసమే రూపొందించిన 'పహల్' సంకలనంలో స్థానిక సరుకుతో కట్టే నమూనాలు ఉన్నాయి. కానీ అవీ కొత్త ఇళ్ళ నమూనాలే. నిలిచిన గోడను నిలిపినందుకు పైసా రాదు, కూల్చినవాడికి దారి సుగమం.

ఇంకా తేలనివి

మొదటిది, బలపరచిన పాత గోడ ఎంత నమ్మదగినది? రాయి, మట్టి కట్టడాల భూకంప భద్రతకు, పాత కట్టడాలను బలపరచడానికి కిల్లారి ఏడాదిలోనే, 1993లో, భారత ప్రమాణాలు వెలువడ్డాయి. బెల్టు, గోడ వెడల్పంతా పట్టే రాళ్ళు, మూలల్లో కట్టు, మిద్దె బరువు తగ్గింపు అన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీది సూచన గోడలోకి చేరాలంటే మేస్త్రి చేయి దాటాలి. ఆ శిక్షణ స్లాబు మేస్త్రుల శిక్షణతో పోలిస్తే పల్లెల్లో లేనట్టే.

రెండోది, తేలికైన కప్పు కింద పాత చల్లదనం ఎంత మిగులుతుంది? మందపాటి గోడ సగం మేలు చేస్తుంది. మిగతా సగం రాత్రి గాలి లోపలికి వచ్చేలా తెరిచే కిటికీల మీద, కప్పుకు పూసే తెల్లసున్నం మీద, లోకప్పు మీద ఆధారపడుతుంది. రేకుల ఇంటికీ మట్టి ఇంటికీ పోలికలు చాలా ఉన్నాయి. పాత గోడ, కొత్త కప్పు కలిసిన మిశ్రమ ఇంటి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

మూడోది ఎవరూ పెద్దగా పద్దులోకి ఎక్కించనిది: చాకిరీ. పాత ఇల్లు పర్యావరణ హితంగా ఉన్నది సరుకు వల్ల మాత్రమే కాదు. వానకు ముందు మిద్దె మీదికి మట్టి మోసినవాళ్ళు, పండక్కి గోడలు పూసినవాళ్ళు, రోజూ పెండతో అలికినవాళ్ళు ఉండటం వల్ల. ఆ పనిలో పెద్ద భాగం ఆడవాళ్ళది, అదీ కూలి లేనిది. మట్టి ఇల్లు చవక అన్న మాటలో ఆ కూలి సున్నాగా లెక్కపడింది. కూలికో చదువుకో బయటికి పోయే ఇంటి ఆడవాళ్ళు ఆ పనికి తిరిగి రావాలని ఏ హరిత వాదమూ అడగలేదు.

తేలినంత వరకు

నాలుగు పక్షాలనూ వాటి బలమైన చోట నమ్మితే మధ్యలో కొంత నేల దొరుకుతుంది. గోడ విషయంలో లెక్కల పక్షం గెలుస్తుంది: నిటారుగా, ఉబ్బకుండా ఉన్న ఎర్రరాతి గోడను కూల్చడానికి మంచి కారణం చూపడం కష్టం. గోడ పూత విషయంలో సున్నం పక్షానిది పైచేయి, ఉప్పు ఎక్కిన కొట్టం గోడకైతే మరీనూ. నాలుగో గోడకు మట్టి దిమ్మెలు సరిపోతాయి. పైన చుట్టూ తిరిగే బెల్టు దగ్గర స్లాబు పక్షం చెప్పిన సలాకకు ఎదురు లేదు. ఉబ్బిన గోడ, చెదలు తిన్న దూలం, పునాది జారిన మూల ఉన్నచోట కూల్చడమే వివేకం. అలాంటప్పుడు కూడా రాయి మళ్ళీ వాడుకోదగిందే.

మిద్దె ఒక్కటి మిగులుతుంది. దాని జవాబు వస్తువులో లేదు, ఇంటివాళ్ళ దినచర్యలో ఉంది. ఏటా పైకెక్కి, పాత మట్టి తీసి కొత్తది వేసే మనిషి ఉన్న ఇంట్లో పలచని మట్టి మిద్దె కూడా చెల్లుతుంది. ఆ మనిషి లేని ఇంటికి తేలికైన కప్పు తప్పదు. కిల్లారిలో మిద్దెలు బరువెక్కింది మట్టి వల్ల కాదు, ఏటా వేసి ఎన్నడూ తీయకపోవడం వల్ల.

నౌబాద్ కరేజ్ గాలిబావులు ఉన్నది వెలుతురుకూ గాలికీ మాత్రమే కాదు. మనిషి దిగి పూడిక తీయడానికి కూడా. తవ్వినవాళ్ళు తమ పని ఎప్పటికీ చెడదని అనుకోలేదు, చెడినప్పుడు బాగుచేసేవాడికి దారి విడిచారు. అయిదు శతాబ్దాల తర్వాత పూడిక తీయగలిగింది ఆ దారుల గుండానే. కొట్టాన్ని ఇల్లుగా మార్చే పటాన్ని పరీక్షించేటప్పుడు సరుకు పేర్ల కన్నా ముందు చూడవలసింది అదే: ఈ కప్పును, ఈ గోడ పాదాన్ని, ఈ నీటి గొట్టాన్ని రేపు ఎవరు, ఏ దారిన వచ్చి బాగుచేస్తారు?